గోవిందమ్మ జాబులో రెండో వాక్యం

గోవిందమ్మ ఒట్టి తిట్లతో తోడేలును తరిమిందని కొండాపురం చుట్టుపక్కల ముసలివాళ్లు కొందరు ఇప్పటికీ చెబుతారు. ఆ కథ పుట్టించింది నేనే. వచ్చింది తోడేలు కాదు, ఎవరిదో కుక్క. మందలో దూరి ఒక గొర్రెపిల్లను నోట కరుచుకుంది. గోవిందమ్మ తిట్టిన మాట మాత్రం నిజం. ఆ తిట్లు విని కుక్క పిల్లను వదిలేసి, పెన్నేరు ఈదుకుంటూ పోయి, తాడిపత్రిలో సన్న్యాసం పుచ్చుకుందని బడి అరుగు మీద కూర్చుని నేను చెప్పాను. వారం తిరిగేసరికి కుక్క తోడేలయింది. నెల తిరిగేసరికి తోడేళ్లు మూడయ్యాయి.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది గోవిందమ్మ వాళ్ల ఊరికి బడి మంజూరయింది. బడికి ఒకే అయివారు, అది నేను. ఆ ఊరు ఇప్పుడు గండికోట జలాశయం అడుగున ఉంది. కడపలో తెల్ల సన్యాసినుల దగ్గర కాన్వెంటు చదువు చదివినవాణ్ణి కాబట్టి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా చదివి చెప్పే పని నాదే. కాగితంలో ఉన్నదానికి రెండు మాటలు చేర్చి చెబితే జనం మరో పది నిమిషాలు కూర్చునేవారు. ఆ పది నిమిషాల మీద నాకు ఆశ ఉండేది.

గోవిందమ్మ గొర్రెల కాపరుల ఇంటి కోడలు. పదో ఏట చిన్నసుబ్బయ్యతో పెళ్లయింది. పదమూడో ఏట మొదటి కాన్పు. మొత్తం తొమ్మిది కాన్పులు, బతికింది ముగ్గురు. చిన్నసుబ్బయ్య గొర్రెలు తోలుకుని ప్రొద్దుటూరు సంతకు పోతే నాలుగు రోజులకు గానీ తిరిగొచ్చేవాడు కాదు. ఆ నాలుగు రోజులూ ఏ సందులో ఉండేవాడో ఊరందరికీ తెలుసు. ఒకసారి అక్కడినుంచి రోగం మోసుకొచ్చాడు. ప్రొద్దుటూరు డాక్టరే అతనికి వరసగా సూదులు వేసి నయం చేశాడు. ఇంట్లో భార్య ఉందా అని ఆ డాక్టరు అడగలేదు, ఉందని ఇతను చెప్పలేదు. నేను ఆ ఊరికి పోయే నాటికి చిన్నసుబ్బయ్య చనిపోయి రెండేళ్లయింది.

ఆ ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. ఫాల్గుణంలో గంగమ్మ జాతరనాడు మందంతా నిలబెట్టి, కొత్తగా ఈనిన గొర్రెల పాలు కొత్త కుండలో పోసి పొంగిస్తారు. పాలు ఏ దిక్కుకు పొంగితే ఆ ఏడు మంద ఆ దిక్కు బీళ్లకు పోతుంది. ఆ పొయ్యి అంటించేది ఆడమనిషే. మొగుడు ఉన్నాడా పోయాడా అన్న పట్టింపు లేదు. ఒకటే షరతు, ఆమె ముట్టుడిగి ఉండాలి. మైల రక్తం కనపడే ఆడది మంద దారి తొక్కకూడదు. దొడ్డికి దూరంగా కట్టిన గుడిసెలో కూర్చుని, రక్తం ఆగిన తర్వాతే తలకు పోసుకుని ఇంట్లోకి రావాలి. ఆ లెక్కన ఆ ఇంటి ఆడది ముప్పై ఏళ్లు ఆ గుడిసెకూ పురిటి మంచానికీ మధ్య తిరిగి తిరిగి, అదంతా ఉడిగిపోయాక ఒకనాడు మనిషి అవుతుంది.

గోవిందమ్మ అట్లా మనిషి అయింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత వచ్చిన మొదటి జాతరలో. అంతవరకూ పొయ్యి అంటించిన ఆమె అత్త అప్పటికి పోయింది. గోవిందమ్మకు నలభై మూడేళ్లు, ముట్టుడిగి ఏడాది. మందపెద్ద కాటమయ్య ఆమెకు మరిది. ఒకప్పుడు గొర్రెల కర్రతో ఆమె వీపు మీద కొట్టినవాడు. ఆ రోజు తలగుడ్డ తీసి చేత పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"వదినా, పొయ్యి అంటిస్తావా? పొద్దు పోతాంది."

"ఉండప్పా. మీ యన్న నన్ను ముప్పై ఏండ్లు నిలబెట్టినాడు. నువ్వు రొంతసేపు నిలబడితే కాళ్లేం పడిపోవు."

జనం ఘొల్లుమన్నారు. కాటమయ్య కూడా నవ్వాడు, వేరే దారి లేక. ఆమె కావాలనే నిమ్మళంగా పిడకలు సర్ది, ఊది ఊది అంటించింది. ఆ రోజునుంచి ఆమె వస్తుంటే మగవాళ్లు మంచం మీదనుంచి లేచేవాళ్లు. పిల్లను ఇవ్వాలన్నా తేవాలన్నా ఆమెను అడిగేవాళ్లు. అంతవరకూ ఆ ఇంట్లో ఆమెకు వేడి కూడు దొరికింది తక్కువ. ఇప్పుడు కాటమయ్య భార్య యల్లమ్మ, వరసకు తోడికోడలు, మొదటి ముద్ద ఆమెకు పెట్టి తర్వాత మిగిలినవాళ్లకు పెట్టాలి. యల్లమ్మకు అప్పటికే ముట్టుడిగింది. గోవిందమ్మ తర్వాత పొయ్యి తనదేనని ఆమెకు తెలుసు, ఊరికీ తెలుసు.

మూడు జాతరలు గడిచాయి. నాలుగోది ఇంకా రెండు నెలలుందనగా, ఒక మధ్యాహ్నం గోవిందమ్మ హజరాబీ ఇంటికి పోయింది. హజరాబీ ఊరి మంత్రసాని. ఆమె మొగుడు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. జమ్మలమడుగులో ఆడవాళ్ల ఆసుపత్రి నడిపే తెల్ల డాక్టరమ్మ మూడు నెలలపాటు మంత్రసానులను కూర్చోబెట్టి పని నేర్పితే, మా పక్కనుంచి పోయి నేర్చుకున్నది హజరాబీ ఒక్కతే. ఆ మధ్యాహ్నం జరిగిన మాటలు నాకు తర్వాత ఆమే చెప్పింది.

"హజరాబీ, నాకు మల్లా కనపడుతాంది."

"ఏంది కనపడేది?"

"అదే. ఎర్రగా."

హజరాబీ చేతిలో చేట కింద పెట్టింది. "ఎన్నాళ్లనుంచి?"

"వినాయక చవితినుంచి."

"యా అల్లా! నాలుగు నెల్లు. నాలుగు నెల్లు ఏం చేస్తాండావే?"

"గుడ్డలు ఉతుకుతాండా."

"తమాషా కాదు గోవిందమ్మా. ఆగిపోయినాక మల్లా కనపడిందంటే ఆ పొద్దే తీసకరమ్మని డాక్టరమ్మ మాకు పదిసార్లు చెప్పింది. గర్భసంచి మూతి కాడ పుండు పుడతాదంట. క్యాన్సరంటారు దాన్ని. మొదట్లో పట్టుకుంటే కోసి తీసేస్తారు, మనిషి బతుకుతాది. పాకినాక ఎవరి చేతా కాదు."

"నాకే ఎందుకొచ్చాది?"

"అదీ చెప్పింది. ఊహ తెలీకముందే పెండ్లయినోళ్లకు, కాన్పు మీద కాన్పు అయినోళ్లకు, మొగుడు ఊర్లు తిరిగి రోగం మోసకొచ్చినోళ్లకు ఎక్కువంట."

"ఆయమ్మ నన్ను చూసే చెప్పినట్టుండాది. ఊర్లో అట్లాంటోళ్లు ఇంగెవరుండారు?"

"అందరూ."

ఇద్దరూ నవ్వుకున్నారట. నవ్విన తర్వాత గోవిందమ్మ హజరాబీ చెయ్యి పట్టుకుంది. సంగతి బయటపడితే ఏమవుతుందో హజరాబీకి వివరించి చెప్పనక్కరలేదు. దొడ్డి పక్క గుడిసెలో రక్తం ఆగేదాకా కూర్చోబెడతారు. అది ఆగే రక్తం కాదు. పొయ్యి యల్లమ్మకు పోతుంది. కిందటి జాతరకే ఆమెకు మైల ఉందేమోనని పంచాయితీ పెడతారు. ఆ ఏడు గాలి సోకి చచ్చిన గొర్రెలన్నీ ఆమె మీద పడతాయి.

"నీ మనవరాలి మీద ఒట్టెయ్యి. ఎవురికీ చెప్పనని."

హజరాబీ ఒట్టు వేసింది. వేసి, ఒక ఉపాయం చెప్పింది. కడుపునొప్పి అని ఇంట్లో చెప్పి జమ్మలమడుగు పోదాం. అక్కడ గాజుముక్క మీద లోపలి నీరు రుద్ది మద్రాసుకు పంపుతారు. వాళ్లు భూతద్దంలో చూసి పుండు ఉందో లేదో చెబుతారు. పుండు కంటికి కనపడకముందే తెలిసిపోతుంది. "ఒకటే మాట. రెండు దినాలు ముందునుంచి లోపల కడుక్కోవద్దు. కడిగితే గాజుముక్క మీద ఏమీ పడదంట."

"థూ! కడుక్కోకుండా పోయి ఆ దొరసాని ముందర పండుకోవాల్నా? నీకేమన్నా మతి పోయిందా?"

"ఆయమ్మకు అది మామూలే."

"నాకు మామూలు కాదు గదా."

కాటమయ్య పొమ్మన్నాడు, కానీ ఇంటి ఆడమనిషి తోడు లేకుండా వద్దన్నాడు. తోడు యల్లమ్మ వచ్చింది. దాంతో గోవిందమ్మ తెల్లవారకముందే లేచి, వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్లతో ఒకటికి మూడుసార్లు లోపల కడుక్కుంది, ఎరుపు లేని నీళ్లు వచ్చేదాకా. డాక్టరమ్మ ముందు సిగ్గు ఒకవైపు, యల్లమ్మ కంటపడుతుందన్న భయం ఒకవైపు. అమ్మవారి ముందుకు పోయేటప్పుడు ఎంత శుభ్రంగా పోతారో అంత శుభ్రంగా పోయింది, ఒంట్లో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని కడిగేసుకుని.

ఆసుపత్రిలో పరీక్ష గదికి తలుపు లేదు, తెర ఉంది. తెర ఇవతల బెంచీ మీద యల్లమ్మ, హజరాబీ. డాక్టరమ్మ తెలుగు అప్పటికి అంతంతమాత్రం కాబట్టి నర్సు గట్టిగా అడిగి రాసుకుంటోంది.

"పెండ్లప్పుడు వయసెంత?"

"పాల పండ్లూడే వయసు."

"కాన్పులు?"

"తొమ్మిది."

"భర్త ఇంట్లో ఉన్నాడా?"

"పోయినాడు. పోకముందు కూడా ఇంట్లో ఉన్నెది తక్కువే."

"రక్తం ఏమన్నా కనపడుతోందా?"

యల్లమ్మ వక్క నమలడం ఆపిందట.

"యాడిదమ్మా. ఆగిపోయి నాలుగేండ్లు."

డాక్టరమ్మకు కంటికి పుండు కనపడలేదు. అది లోలోపల ఉంది. గాజుముక్క మీద రుద్ది, మందునీళ్లలో ముంచి, పేరు రాసి పెట్టింది. యల్లమ్మ, గోవిందమ్మ బస్సు దగ్గరికి నడుస్తుంటే హజరాబీ గుడ్డసంచి మరిచిపోయానని వెనక్కి ఉరికింది. వరండాలో డాక్టరమ్మను పట్టుకుని, మనవరాలి మీద వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టి, రెండు ముక్కల్లో ఉన్నది చెప్పేసింది. డాక్టరమ్మ బయటికి వచ్చి చూసేసరికి బస్సు కదులుతోంది. హజరాబీ దాన్ని ఎట్లా అందుకుందో, ఆమె మోకాలు ఎట్లా గీరుకుపోయిందో చూపించేది నాకు. అందులో నేను చేర్చింది ఏమీ లేదు.

పద్దెనిమిది రోజులకు డాక్టరమ్మనుంచి ఇంగ్లీషులో జాబు వచ్చింది. 1960 ఫిబ్రవరి. పోస్టుమ్యాన్ దాన్ని గోవిందమ్మకు ఇస్తే, ఆమె కాటమయ్యకు ఇచ్చింది. కాటమయ్య దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని బడి అరుగు దగ్గరికి వచ్చాడు. వెంట యల్లమ్మ, ఇంకో పదిహేనుమంది. గోవిందమ్మ అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడింది.

"చదువు అయివారూ. మద్రాసోళ్లు మా వదిన గురించి ఏం రాసినారో."

జాబులో నాలుగు వాక్యాలు. గాజుముక్క మీద చూడటానికి మద్రాసువాళ్లకు ఏమీ దొరకలేదని, లోపల కడుక్కుని వచ్చి ఉంటుందని మొదటిది. ముట్టుడిగిన తర్వాత ఆమెకు అయిదు నెలలుగా రక్తం కనపడుతున్నట్టు మంత్రసాని చెప్పిందని, ఇది చాలా చెడ్డ గుర్తని రెండోది. పది రోజుల్లోగా కడుక్కోకుండా తీసుకురావాలని మూడోది. ఆలస్యమైతే తాను చేయగలిగింది ఉండదని నాలుగోది.

నేను మొదట మనసులో చదువుకున్నాను. తల ఎత్తితే జనం తలల మీదుగా గోవిందమ్మ కళ్లు కనపడ్డాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు, కానీ నా ముఖం చదవడం వచ్చు. తల ఆడీ ఆడనట్టు అడ్డంగా ఆడించింది.

రెండో వాక్యం వదిలేశాను. అంతవరకూ ఎవరైనా చేసి ఉంటారేమో. అక్కడితో ఆగలేదు. పదిహేనుమంది నోరు తెరుచుకుని చూస్తుంటే ఆగే గుణం నాకు లేదు.

"గాజుముక్కలో ఏమీ కనపడలేదంట" అన్నాను. "మద్రాసులో ముగ్గురు పెద్ద డాక్టర్లు భూతద్దం పెట్టి రెండు రోజులు వెతికినారంట. మూడో రోజు భూతద్దం చెడిపోయిందేమోనని లండన్‌నుంచి ఇంకోటి తెప్పించినారంట. ఇంత శుభ్రమైన ఆడమనిషిని మేము చూడలేదని రాసినారు. ఏ ఊరు, ఏ గొర్రెల పాలు తాగుతుందని అడిగినారు."

జనం ఒకళ్ల భుజం ఒకళ్లు చరుచుకున్నారు. కాటమయ్య మీసం తడుముకున్నాడు. "మా మంద పాలు మరి!"

"ఇంగేం రాసినారు?" అంది యల్లమ్మ.

"వీలైనప్పుడు ఒకసారి వచ్చి కనపడి పొమ్మన్నారు."

పది రోజుల గడువు నా నోట్లో వీలైనప్పుడు అయింది. గోవిందమ్మ గోడ దగ్గరనుంచి కదిలి ఇంటికి పోయింది. ఆ నడకలో ఊపిరి పీల్చుకున్న మనిషి ఉంది. అది చూసి మంచిపని చేశానని పొంగిపోయాను కూడా.

మరునాడు ఆమె ఒంటరిగా దొడ్డి ఊడుస్తుంటే పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు వాక్యాలూ చెప్పాను. ఆమె చీపురు ఆపకుండా విన్నది.

"జాతర ఇరవై దినాలుండాది" అంది. "అది కానీ అయివారూ."

"పది రోజుల్లో రమ్మంది."

"నువ్వే గదా ఊరందరి ముందర వీలైనప్పుడన్నావు? ఇప్పుడు నేను ఉరుకులు పెడితే ఎందుకని అడగదా యల్లమ్మ? ఏమీ లేదని మద్రాసోళ్లు రాసినాక మల్లా ఆసుపత్రికి పోయే ఆడదాన్ని ఏమంటారు?"

ఆమె చీపురు మీద చెయ్యి ఆనించి నా ముఖంలోకి చూసింది.

"నిన్ను తప్పు పట్టల్యా. ఆ మాట చదివింటే నా బతుకు గుడిసె పాలయ్యేది. చదవకుండా ఉండమని నేనే అడిగితి గదా."

అడిగిన మాట నిజమే. లండన్ భూతద్దం తెప్పించమని మాత్రం ఆమె అడగలేదు.

హజరాబీ ఊరుకోలేదు. తాను వరండాలో చెప్పిన సంగతి డాక్టరమ్మ జాబులో రాయకుండా ఉండదని ఆమెకు తెలుసు. నడిబజారులో నన్ను నిలబెట్టి, ఎవరికీ అర్థం కాకుండా, నాకు మాత్రం అర్థమయ్యేట్టు తిట్టింది.

"నీ నాలిక కోసి గాజుముక్క మీద పెట్టి పంపల్ల అయివారూ మద్రాసుకు. అదేం పురుగో వాళ్లయినా చూసి చెప్తారు."

జనం అదేదో సరసమనుకుని నవ్వారు.

ఆ జాతరకు గోవిందమ్మ ముదురు ఎరుపు చీర కట్టింది. ప్రొద్దుటూరునుంచి మూడు తెప్పించుకుంది, మూడూ ఒకే రంగువి. పొయ్యి మనిషికి తగ్గ చీర అని నేనే మెచ్చుకున్నాను. ఆ రంగు ఎందుకో ఆలోచించలేదు. పొయ్యి దగ్గర ఆమె మూడుసార్లు వంగి మూడుసార్లు లేచింది. మూడోసారి లేవడానికి కుండ పక్క రాయి పట్టుకోవలసి వచ్చింది. పాలు తూర్పుకు పొంగాయి. మగవాళ్లంతా వరసగా కాళ్లకు మొక్కారు.

జాతర తర్వాత గొర్రెలు ఈనే పని అన్నది. అది అయ్యాక బొచ్చు కత్తిరించే పని అన్నది. రక్తం మరీ ఎక్కువైన రోజుల్లో పులివెందులలో కూతురు ఓబులమ్మ ఇంటికి పోయి నాలుగు రోజులు పడుకుని వచ్చేది. కూతురంటే ప్రాణమని ఊరు చెప్పుకునేది. నేను రెండుసార్లు గుర్తు చేశాను. రెండోసారి ఆమె మాట తప్పించింది. మూడోసారి నేను అడగలేదు. అడగనందుకు కారణం ఏ రోజుకా రోజు ఒకటి దొరికేది. ఈలోగా నా భూతద్దం కథ చాపాడు దాకా పోయి, మద్రాసునుంచి కారు వేసుకుని డాక్టర్లే వచ్చి గోవిందమ్మను చూసి పోయారని మారి తిరిగొచ్చింది. అది విని నేను నవ్వాను. ఈ పని నాది కాదన్నట్టు నవ్వాను.

దసరా వెళ్లిన వారానికి ఓబులమ్మ దగ్గరనుంచి కబురు వచ్చింది. పెరట్లో నీళ్లు తోడుతూ అమ్మ పడిపోయింది, మంచం దిగలేకుండా ఉంది, గదిలోకి పోతే వాసన వేస్తోంది అని. హజరాబీ కబురు విన్న గంటలో నా ముందు నిలబడింది.

"లెయ్. జాబు చదివినోడివి, మోసేదానికీ రా."

పులివెందులనుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరేసరికి బస్సులో ముందు సీట్లు రెండు ఖాళీ అయ్యాయి. వాసనకు జనం లేచిపోయారు. గోవిందమ్మ కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. దారిలో ఒక్కటే అడిగింది, కాటమయ్యకు ఏమని చెప్పారు అని. కడుపులో గడ్డ అని చెప్పామంది హజరాబీ. ఆ మాటకు కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చింది.

డాక్టరమ్మ తెర వెనక ఎంతోసేపు ఉండలేదు. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటూ నన్ను ఇంగ్లీషులో అడిగింది.

"నా జాబు అందలేదా?"

"అందింది."

"ఎవరు చదివారు?"

"నేను."

"మీకు అర్థం కాలేదా?"

"అయింది."

ఆమె సబ్బు మళ్లీ తీసుకుని మళ్లీ కడుక్కుంది. ఫిబ్రవరిలో అయితే గర్భసంచి తీసేసి ఇంటికి పంపేదాన్ని అంది. ఇప్పుడు మూత్రసంచి దాకా, నడుము దాకా పాకింది. మద్రాసులో రేడియం పెడతారు గానీ ఈ స్థితిలో తీసుకోరు. నొప్పికి మందు ఇస్తాను, అంతే.

ఊరికి తీసుకొచ్చాము. మరుసటి నెలలో డాక్టరమ్మ తానే గాజుముక్కల పెట్టెతో మా ఊరికి వస్తానంది. కాన్పులైన ఆడవాళ్లందరినీ చూస్తానంది. గోవిందమ్మకు వచ్చింది ఏమిటో, ఎందుకు వచ్చిందో, ఎందుకు ముదిరిందో తెలిస్తేనే ఆడవాళ్లు కదులుతారని హజరాబీ పట్టుబట్టింది. నాకూ ఆ మాట నచ్చింది. ఆడవాళ్ల మంచికోసమని అప్పుడనుకున్నాను. నా బరువు దించుకోవడానికేనని ఇప్పుడు తెలుసు. లేకుంటే ముందు గోవిందమ్మను అడిగి ఉండేవాణ్ణి.

జాబు జేబులో పెట్టుకుని పోయాను. నులక మంచం మీద గోవిందమ్మ, కాళ్ల దగ్గర కాటమయ్య, తల దగ్గర యల్లమ్మ, గుమ్మం నిండా ఆ ఇంటి కోడళ్లు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు. ఆనాడు నేను సరిగా చదవలేదు, ఈ రోజు చదువుతాను వినండి అన్నాను. నాలుగు వాక్యాలూ చదివి, ఒక్క మాట చేర్చకుండా, ఒక్క మాట తియ్యకుండా తెలుగులో చెప్పాను.

కాటమయ్య లేచి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"వదినా. నిజమేనా? రక్తం కనపడుతూనే పొయ్యి అంటించినావా?"

గోవిందమ్మ కళ్లు తెరిచింది. ముందు హజరాబీని చూసింది. తర్వాత గుమ్మంలో కోడళ్లను చూసింది. చిన్న కోడలికి అప్పటికి పద్దెనిమిదేళ్లు, నాలుగో కాన్పుకు నిండు నెలలు. ఆ పిల్ల మీద ఆమె చూపు కొంతసేపు నిలిచింది. చెబుతుందనే అనుకున్నాను. పెదవి తడి చేసుకుంది.

"ల్యా" అంది. "అట్లాంటిదేం ల్యా కాటమయ్యా. గడ్డ ఇది. అయివారు కత చెప్తాండు. ఆయప్ప కతలు నీకు కొత్తా?"

"అయివారూ, ఈ పొద్దు కూడా కతలేనా?" అన్నాడు కాటమయ్య. "సచ్చే మనిషి కాడ కూడా నీకు పరాచికాలేనా?"

హజరాబీ నోరు తెరిచింది. గోవిందమ్మ మంచం మీదనుంచే చెయ్యి ఎత్తి ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుంది. హజరాబీ నోరు మూసుకుంది. నేను జాబు మడిచి బయటికి వచ్చాను. వెనక యల్లమ్మ ఎవరితోనో అంటోంది, కాన్వెంటు చదువులు చదివితే ఇట్లాగే ఉంటాది, దేవుడంటే భయముండదు అని.

తొమ్మిదో రోజున గోవిందమ్మ పోయింది. పొయ్యి మనిషికి చేయవలసిన మర్యాదలన్నీ చేశారు. ముదురు ఎరుపు చీర కప్పి, మంద ముందు నడుస్తుండగా డప్పులతో తీసుకుపోయారు. మగవాళ్లు తలగుడ్డలు తీశారు. ఆమెకు కావలసింది ఆమెకు దక్కింది. నలభై ఆరేళ్లకు.

డాక్టరమ్మ అన్న మాట ప్రకారం వచ్చింది. బడికి సెలవిచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టి, బల్ల వేసి పెట్టాను. నలభై గాజుముక్కలు తెచ్చింది. పొద్దున తొమ్మిదినుంచి కూర్చుంటే మధ్యాహ్నానికి ఇద్దరు వచ్చారు. హజరాబీ కోడలు ఖమ్రున్నీసా ఒకతె, కసువు ఊడ్చే ముసలామె ఒకతె. హజరాబీ ఇల్లిల్లూ తిరిగి గొంతు పోగొట్టుకుని వచ్చి అరుగు మీద కూలబడింది.

ఎండ దిగుతుండగా యల్లమ్మ ఆ దారిన వచ్చింది. మంద వెనక నలుగురు కోడళ్లతో, నెత్తిన పాలకుండతో. హజరాబీ లేచి దారికి అడ్డం పోయింది.

"యల్లమ్మా, కోడండ్లను ఒక్కసారి లోపలికి పంపు. చిన్నదానికి ఇంకా కాన్పు కాలేదు, పోనీ పెద్ద ముగ్గురినీ. రొంతసేపు పని."

"ఎందుకు?" అంది యల్లమ్మ. అరుగు మీద నిలబడ్డ డాక్టరమ్మకు వినపడాలనే గట్టిగా అంది. "మా యింటి ఆడోళ్లకు అట్లాంటి రోగాలు రావు. మా యక్కను మద్రాసు డాక్టర్లే చూసినారు, ఏమీ లేదని జాబు రాసినారు. కావాలంటే అయివారిని అడుగు. చదివింది ఆయప్పే గదా."

కోడళ్లు నలుగురూ తల వంచుకుని ఆమె వెంట పోయారు. ఆ మాత్రం తెలుగు డాక్టరమ్మకు అర్థమవుతుంది. ఆమె లోపలికి పోయి, మిగిలిన ముప్పై ఎనిమిది గాజుముక్కలనూ ఒక్కొక్కటిగా కాగితంలో చుట్టి పెట్టెలో సర్దుకోసాగింది.